పొగాకు పైపు ఆకారాలు: పేరు వెనుక ఉన్న పదార్థం

పొగాకు పైపులను వర్ణించే పదజాలం మొదటిసారి చూసేవారికి చిక్కుముడిలా కనిపిస్తుంది. బిలియర్డ్, బుల్‌డాగ్, డబ్లిన్, కెనడియన్, ప్రిన్స్, ఊమ్ పాల్ అంటూ ఆటల పేర్లు, జంతువుల పేర్లు, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఒకే జాబితాలో కలగలిసి ఉంటాయి. బొమ్మల పటం ముందు పెట్టుకొని వీటిని బట్టీ పట్టే పద్ధతే ఎక్కువగా చెలామణిలో ఉంది. ఆ పద్ధతిలో ఏ పైపును ఏమంటారో తెలుస్తుంది గానీ, ఇన్ని వందల ఏళ్లలో ఈ ఆకారాలే ఎందుకు నిలిచాయో తెలియదు. దానికి జవాబు పైపును దేనితో చేశారన్న దగ్గర దొరుకుతుంది. మట్టి, మీర్షామ్ రాయి, బ్రయర్ కర్ర, సొరబుర్ర, మొక్కజొన్న కండె, వీటిలో ప్రతిదానికీ ఒక బలహీనత ఉంది. ఆ బలహీనతను దాటడానికి పనివాళ్లు పట్టిన దారులే కాలక్రమంలో ఆకారాలుగా స్థిరపడ్డాయి, ఆ ఆకారాలకే పేర్లు వచ్చాయి. పొగాకును ఏ పరికరంతో పీల్చినా నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉండనే ఉంటుంది కాబట్టి ఈ చర్చ ఆ పరికరం తయారీకి, దాని పరిభాషకు మాత్రమే పరిమితం.

ముందుగా భాగాల పేర్లు తెలియాలి. పొగాకు కూరి నిప్పు పెట్టే భాగం బౌల్, దాని లోపలి గుంట చాంబర్. బౌల్ అడుగు నుంచి పక్కకు సాగే గొట్టం షాంక్, దానికి తగిలించి నోట్లో పెట్టుకునే భాగం స్టెమ్. స్టెమ్ మొదట్లో ఉండే సన్నని కడ్డీని టెనన్ అని, అది దిగే షాంకు రంధ్రాన్ని మోర్టైస్ అని అంటారు. ఈ రెండూ వడ్రంగం నుంచి వచ్చిన మాటలే. షాంకు గుండా వచ్చి చాంబర్ అడుగున తేలే సన్నని దారిని డ్రాఫ్ట్ హోల్ అంటారు. తెలుగువారికి తెలిసిన చిలుంలో ఇంత విభజన లేదు, ఎందుకంటే అందులో గిన్నె, గొట్టం ఒకే వరుసలో, ఒకే ముక్కగా ఉంటాయి. యూరప్ పైపులో బౌల్ పైకి, గొట్టం పక్కకు తిరిగి ఉండటం వల్ల రెండు రంధ్రాలు రెండు దిక్కుల నుంచి వచ్చి ఒకే చోట కలవాలి. డ్రాఫ్ట్ హోల్ చాంబర్ అడుగుకు కాస్త పైన తేలితే కింది పొగాకు కాలకుండా తడిసి మిగిలిపోతుంది, పక్కకు జరిగితే ఒకవైపే కాలుతుంది. ఈ కలయికను ఏ పదార్థంలో ఎలా సాధించారన్నదే పైపు చరిత్రలో అసలు విషయం.

ఇంగ్లండులో పదహారో శతాబ్దం చివర మొదలైన మట్టి పైపుల్లో ఆ కలయికను తీగతో సాధించారు. కాలిస్తే తెల్లగా మారే మెత్తని బంకమన్నును ఒక కొసన ఉండతో పొడుగాటి కడ్డీలా చుట్టి, ఆ కడ్డీ గుండా నూనె రాసిన తీగను ఉండ దాకా గుచ్చేవారు. ఆ తీగతోనే దాన్ని రెండు చెక్కలుగా విడిపోయే లోహపు అచ్చులో పెట్టి బిగించి, పైనుంచి మొన దించి చాంబర్ తొలిచేవారు. తర్వాత తీగ లాగేసి, ఆరబెట్టి, బట్టీలో కాల్చేవారు. అప్పట్లో పొగాకు ఖరీదైన సరుకు కాబట్టి తొలినాటి బౌళ్లు చాలా చిన్నవి, ధర తగ్గినకొద్దీ అవి పెద్దవయ్యాయి. 1604లో పొగాకును తీవ్రంగా ఖండిస్తూ రాసిన ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ హయాంలోనే, 1619లో, వెస్ట్‌మినిస్టర్ పైపు తయారీదారులకు రాజపత్రం దక్కింది. ఇంగ్లండులో బ్రోస్లీ, నెదర్లాండ్స్‌లో గౌడ పట్టణం ఈ పనికి పేరు పొందాయి.

మట్టి పైపుకు రెండు ఇబ్బందులున్నాయి. అది పెళుసు, పైగా బౌల్ పట్టుకోలేనంతగా వేడెక్కుతుంది. వేడి బౌల్ బల్లకు తగలకుండా నిలబెట్టడానికి దాని అడుగున చిన్న మడమలాంటి భాగం ఉంచారు. అది చదునుగా ఉంటే హీల్, మొనదేలితే స్పర్. హీల్ అడుగున తయారీదారు తన ముద్ర వేసేవాడు. ఇదే హీల్ అన్న మాట బ్రయర్ పైపుల దగ్గరికి వచ్చేసరికి చాంబర్ లోపలి అడుగుకు పేరైంది. పాత మట్టి పైపుల వర్ణనలు, నేటి కర్ర పైపుల వర్ణనలు పక్కపక్కన చదివేవారు తరచూ తడబడేది ఇక్కడే. పొగ చల్లబడాలంటే స్టెమ్ పొడవు పెరగాలి. అలా వచ్చిన మూరెడు పొడుగు పైపులకు చర్చ్‌వార్డెన్ అని, పొట్టివాటికి కటీ అని పేర్లు స్థిరపడి, తర్వాత కర్ర పైపులకూ సంక్రమించాయి.

స్టెమ్ పొడవు పెరిగినకొద్దీ గోడ పగలకుండా తీగ సన్నబడాల్సి వచ్చింది. ఈ చిన్న వాస్తవం మీద ఒక కాలనిర్ణయ పద్ధతే నిలబడింది. అమెరికాలో తొలి వలస స్థావరాల తవ్వకాల్లో విరిగిన మట్టి పైపు ముక్కలు కుప్పలుగా దొరుకుతాయి. పురావస్తు పరిశోధకుడు జె.సి. హారింగ్టన్ ఆ ముక్కల రంధ్రాల్లో డ్రిల్ బిట్లు దూర్చి, అంగుళంలో అరవై నాలుగో వంతుల్లో కొలిచి, 1954లో తన ఫలితాలు ప్రచురించాడు. 1590–1620 నాటి పైపుల్లో ఎక్కువగా 9 వంతులు ఉన్న రంధ్రం 1750–1800 నాటికి 4 వంతులకు తగ్గిందని అందులో తేలింది. 1960ల తొలి ఏళ్లలో మరో పురావస్తు పరిశోధకుడు లూయిస్ బిన్‌ఫర్డ్ దీన్ని సూత్రంగా మార్చాడు. రంధ్రాల సగటు కొలతను 38.26తో గుణించి, వచ్చిన దాన్ని 1931.85 నుంచి తీసివేస్తే ఆ ముక్కల సగటు సంవత్సరం వస్తుంది. ఒక చోట దొరికిన ముక్కల సగటు 6 వంతులైతే లెక్క 1702 దగ్గర తేలుతుంది. ముక్కలు మరీ తక్కువగా ఉన్నా, పద్దెనిమిదో శతాబ్దం చివరి దశకాలవైనా ఈ లెక్కను నమ్మడానికి లేదు. అయినా ఒక పనివాడు మట్టి పగలకూడదని తీగ సన్నం చేసుకున్న నిర్ణయం రెండు వందల ఏళ్ల చరిత్రకు కొలబద్ద కావడం పదార్థానికీ ఆకారానికీ మధ్య ఉన్న బంధానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం.

మీర్షామ్ సంగతి వేరు. ఇది సెపియోలైట్ అనే ఖనిజం, అంటే నీటి అణువులతో కూడిన మెగ్నీషియం సిలికేట్. తుర్కియేలోని ఎస్కిషెహిర్ ప్రాంతంలో భూమి లోపల గడ్డలుగా దొరుకుతుంది. ఎండిన గడ్డ నీటి మీద తేలేంత తేలిక, తడిగా ఉన్నప్పుడు కత్తికి లొంగేంత మెత్తన. అందుకే అచ్చు అవసరం లేకుండా దీన్ని నేరుగా చెక్కుతారు. తలపాగా చుట్టిన తలలు, గద్ద గోళ్లలో చిక్కిన గుడ్డు, గుర్రాలు, పూలతీగలు మీర్షామ్‌లో కనిపించి, మట్టిలోనూ బ్రయర్‌లోనూ అరుదుగా కనిపించడానికి కారణం ఈ మెత్తదనమే. పంతొమ్మిదో శతాబ్దంలో వియన్నా ఈ చెక్కడానికి పెద్ద కేంద్రం. చెక్కి ఆరిన పైపును తేనెమైనంలో ముంచుతారు. పొగలోని తేమ, తారు రాయి రంధ్రాల్లోకి ఇంకి, మైనంతో కలిసి మెల్లగా పైకి తేలడంతో తెల్లని రాయి మొదట లేత పసుపు, ఆపైన తేనె రంగు, చివరికి ముదురు గోధుమ రంగులోకి మారుతుంది.

ఈ రంగు మార్పే మీర్షామ్ నాణ్యతకు గీటురాయి. గడ్డను యథాతథంగా చెక్కితే బ్లాక్ మీర్షామ్, చెక్కగా రాలిన పొడిని బంకతో కలిపి అదిమి దిమ్మ చేస్తే ప్రెస్డ్ మీర్షామ్. రెండోది రంగు సరిగా పట్టదు. బ్రయర్ పైపులో చాంబర్ గోడకు పేరుకునే బొగ్గు పొరను పల్చగా ఉంచుకుంటారు. దాన్ని కేక్ అంటారు, అది కర్ర కాలకుండా కాపాడుతుంది. మీర్షామ్‌లో మాత్రం ఆ పొరను ఎప్పటికప్పుడు తుడిచేయాలి, ఎందుకంటే అది తేమను పీల్చుకోనివ్వదు, మందమైతే గోడను పగులగొట్టే ప్రమాదమూ ఉంది.

మొక్కజొన్న కండె పైపు పేద పైపుగా చెలామణి అయినా, తయారీ తర్కంలో దేనికీ తీసిపోదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, వాషింగ్టన్ అనే చిన్న పట్టణంలో డచ్ వలసదారు, కర్ర తిప్పే పనివాడు హెన్రీ టిబీ 1869లో ఈ పని మొదలుపెట్టాడు. కండె పైభాగం గుంటలమయం కాబట్టి ఆ గుంటల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి నునుపు చేసే పద్ధతికి 1878లో పేటెంటు పొందాడు. దీనికి మిస్సోరి మీర్షామ్ అని పేరు పెట్టడంలో ధీమా ఉంది, కొంత సత్యమూ ఉంది. రెండూ తేలిక, రెండూ తేమ పీల్చుకుంటాయి. కండెకు ప్రకృతి ఇచ్చిన ఆకారం ఒక్కటే కాబట్టి ఆకారాల పేర్ల విషయంలో ఇది చేర్చింది తక్కువ.

నేడు వినిపించే ఆకారాల పేర్లలో అత్యధికం బ్రయర్‌వి. బ్రయర్ అంటే ఎరికా అర్బోరియా అనే పొద, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న పొడి కొండల్లో పెరుగుతుంది. పైపుకు పనికొచ్చేది దాని కొమ్మా కాదు, వేరూ కాదు. ఆ రెంటి మధ్య నేలలో దశాబ్దాల పాటు ఊరే గట్టి గడ్డ. కార్చిచ్చు వచ్చి పొద కాలిపోయినా మళ్లీ చిగురించడానికి మొక్క నీటినీ ఆహారాన్నీ దాచుకునే చోటు అది. నిప్పును తట్టుకునే గుణం దానికి సహజంగా ఉన్నదే. కోర్సికా, కలాబ్రియా, గ్రీస్, అల్జీరియా ప్రాంతాల నుంచి తవ్వి తెచ్చిన గడ్డను తడి ఆరనివ్వకుండా ఉంచి, రంపంతో కోసి, రాగి కాగుల్లో గంటల తరబడి ఉడికించి, లోపలి రసం, వగరు పోయాక నెలల తరబడి నీడలో ఆరబెడతారు. తొందరపడితే దిమ్మ నిలువునా చీలుతుంది. గడ్డ లోపలి భాగం నుంచి కోసిన చతురస్రపు దిమ్మలను ఎబోషాన్ అని, బెరడు అంచు మిగిలేలా పైభాగం నుంచి కోసిన పలకలను ప్లాటో అని అంటారు.

బ్రయర్ పైపు పరిశ్రమ 1850లలో ఫ్రాన్సులోని జూరా కొండల్లో, సెయింట్ క్లాడ్ పట్టణంలో ఎదిగింది. ఆ ఊరు అంతకుముందే జపమాలల పూసలు, చిన్న చిన్న కర్ర సామాన్లు తరిమెన (లేత్ యంత్రం) మీద తిప్పే పనివాళ్లకు నిలయం. బ్రయర్ చేతికి రాగానే వాళ్లు చేసింది తమకు తెలిసిన పనే. దిమ్మను తరిమెనకు బిగించి బౌల్ తిప్పారు, తర్వాత దాన్ని మళ్లించి షాంకు తిప్పారు. తరిమెన మీద తిరిగే వస్తువు గుండ్రంగానే వస్తుంది. స్తంభంలా, శంఖువులా, గోళంలా ఉన్న రూపాలు తేలిగ్గా దిగుతాయి, అంతకు మించినవి చేతిపని కోరతాయి. క్లాసిక్ ఆకారాలుగా నేడు లెక్కించేవి చాలావరకు ఈ పరిమితిలోనుంచే పుట్టాయి.

వీటన్నిటికీ మూలం బిలియర్డ్. బౌల్ దాదాపు నిలువు స్తంభం, షాంకు గుండ్రన, బౌల్ ఎత్తుకు షాంకు పొడవు ఇంచుమించు సమానం. దీన్ని ఒక కొలతలో మారిస్తే మరో పేరు వస్తుంది. బౌల్ పక్కలు గుండ్రంగా ఉబ్బితే యాపిల్. ఎత్తు తగ్గి అడ్డం పెరిగితే పాట్. పైకి పోయేకొద్దీ శంఖువులా విచ్చుకుంటే డబ్లిన్. యాపిల్ బౌల్‌ను అణచి పొట్టి చేసి, సన్నని పొడుగు స్టెమ్ తగిలించి కాస్త వంచితే ప్రిన్స్. అడుగు చదునై బల్ల మీద తనంతట తాను నిలబడితే పోకర్.

బౌల్‌ను అలాగే ఉంచి షాంకును బౌల్ కన్నా బాగా పొడిగిస్తే నాలుగు పేర్ల కుటుంబం వస్తుంది, ఈ పదజాలంలోని క్రమం పూర్తిగా బయటపడేది ఇక్కడే. షాంకు కోత గుండ్రమా, అండాకారమా అన్నది ఒక ప్రశ్న. స్టెమ్ మొదటి నుంచి చివరి దాకా వాలుగా సన్నబడిందా, లేక టెనన్ దాటగానే జీనులా ఒక్కసారి పల్చబడిందా అన్నది రెండో ప్రశ్న. వాలు స్టెమ్‌ను టేపర్ అని, జీను స్టెమ్‌ను శాడిల్ అని అంటారు. గుండ్రని షాంకు, టేపర్ స్టెమ్ కలిస్తే లివర్‌పూల్. గుండ్రని షాంకు, శాడిల్ స్టెమ్ కలిస్తే లవట్. అండాకారపు షాంకుకు టేపర్ స్టెమ్ ఉంటే కెనడియన్, శాడిల్ ఉంటే లంబర్‌మన్. రెండు ప్రశ్నలు, నాలుగు జవాబులు. ఊళ్ల పేర్లు చూసి ఆ ఊళ్ల చరిత్ర వెతకడం కన్నా ఈ రెండు ప్రశ్నలు గుర్తుంచుకోవడం వెయ్యి రెట్లు మేలు. బుల్‌డాగ్, రొడీషియన్ జంట కూడా ఇలాంటిదే. రెంటికీ బౌల్ నడుము చుట్టూ గీతల్లాంటి రెండు సన్నని గాడులుంటాయి, బౌల్ ఆ గీతల పైన, కింద లోపలికి వాలుతుంది. షాంకు వజ్రపు కోతలో ఉంటే బుల్‌డాగ్, గుండ్రంగా ఉంటే రొడీషియన్.

ఈ పొందికను తయారీదారులు అంకెల్లోకి కూడా దించారు. లండన్ సంస్థ డన్‌హిల్ వాడిన నాలుగంకెల గుర్తులో మొదటి అంకె బౌల్ పరిమాణం, రెండో అంకె స్టెమ్ రకం, చివరి రెండంకెలు ఆకారం. 4103 అంటే నాలుగో పరిమాణపు టేపర్ స్టెమ్ బిలియర్డ్, 4203 అంటే అదే బిలియర్డ్‌కు శాడిల్ స్టెమ్. అన్ని సంస్థలూ ఇంత నియమం పాటించలేదు. ఒకరి కేటలాగులో యాపిల్ అయినది మరొకరి దగ్గర మరో పేరుతో ఉండవచ్చు. అందుచేత పేరు, బొమ్మ ఏకీభవించనప్పుడు షాంకు కోతను, స్టెమ్ రకాన్ని, బౌల్ పక్కల వాలును నమ్మడమే సరైన దారి.

వంపు పైపుల దగ్గర ప్రశ్న మళ్లీ రంధ్రం మీదికి వస్తుంది. స్టెమ్ కిందికి వంగితే బౌల్ బరువు గడ్డానికి దగ్గరవుతుంది, పళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. కాస్త వంపును క్వార్టర్ బెంట్ అని, సగాన్ని హాఫ్ బెంట్ అని, పూర్తిగా వంగి స్టెమ్ చివర బౌల్ అంచు ఎత్తుకు వస్తే ఫుల్ బెంట్ అని అంటారు. ఫుల్ బెంట్‌లో నిటారైన పెద్ద బౌల్ ఉన్న రకం ఊమ్ పాల్. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు పాల్ క్రూగర్‌ను జనం పిలుచుకున్న పేరే దానికి వచ్చింది. ఇంత వంపులో కర్రను తిన్నగా తొలిస్తే దారి చాంబర్ అడుగుకు చేరడం కష్టం, మలుపు దగ్గర తేమ నిలిచి గుడగుడ శబ్దం వస్తుంది. డబ్లిన్ నగరంలోని పీటర్సన్ సంస్థ ఈ లోపాన్నే ఆధారం చేసుకుంది. చార్లెస్ పీటర్సన్ 1890లో పేటెంటు పొందిన సిస్టమ్ పైపులో, పొగదారికి దిగువన షాంకులో ఒక చిన్న గుంట ఉంటుంది, తేమ అందులోకి జారుతుంది. ఆ గుంటకు చోటివ్వడానికే ఈ పైపుల షాంకు లావుగా, మెడ దగ్గర లోహపు కట్టుతో ఉంటుంది. పొగను నాలుక మీదికి కాకుండా అంగిలి వైపు పంపే పి-లిప్ స్టెమ్ 1898లో వచ్చింది.

స్టెమ్ పదార్థాల్లో పాత మీర్షామ్ పైపులకు అంబర్ వాడేవారు, అది అందమైనది, పెళుసైనది. తర్వాత ఎక్కువగా స్థిరపడింది వల్కనైట్. ఇది గంధకం దండిగా కలిపి గట్టిపరిచిన రబ్బరు, పళ్లకు మెత్తగా ఉంటుంది. ఎండ, తేమ తగిలితే గంధకం పైకి తేలి నల్లని స్టెమ్ ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది, రుచి చెడుతుంది. యాక్రిలిక్‌కు ఈ బాధ లేదు, కానీ పళ్లకు గట్టిగా తగులుతుంది.

కర్ర నరం సంగతికి వస్తే, బ్రయర్ గడ్డలో నారలు మధ్య నుంచి బయటికి కిరణాల్లా సాగుతాయి. నారలు బౌల్‌కు నిలువుగా వచ్చేలా దిమ్మను తిప్పుకుంటే పక్కలంతా తిన్నని గీతలు కనిపిస్తాయి, ఇది స్ట్రెయిట్ గ్రెయిన్. అప్పుడు పై అంచులో, అడుగున నారల కొసలు చిన్న చుక్కలుగా తేలతాయి, వాటిని బర్డ్స్ ఐ అంటారు. దిమ్మను అడ్డంగా తిప్పితే చుక్కలు రెండు పక్కలకు, గీతలు ముందుకు, వెనక్కి మారతాయి. అంటే ఒకే పైపు పక్కలతో పాటు పై అంచు, అడుగు కూడా తిన్నని గీతలతో ఉండాలని కోరుకోవడం కర్ర స్వభావానికి విరుద్ధం. నారలు విచ్చుకుంటూ పోయే దిమ్మకు డబ్లిన్ లాంటి విచ్చుకునే ఆకారం సహజంగా అమరుతుంది. నరం బాగాలేని దిమ్మల మీద ఇసుక విసిరి మెత్తని భాగాన్ని రాల్చి, గట్టి వలయాలను గట్లుగా నిలబెట్టే శాండ్‌బ్లాస్ట్ పద్ధతికి డన్‌హిల్ 1917లో పేటెంటు కోరింది. షెల్ అనే పేరుతో అది పైపు ఉపరితలంలో ఒక వేరే రకమైంది.

తరిమెన విధించిన గుండ్రదనాన్ని దాటింది డెన్మార్క్ పనివాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో సిక్‌స్టెన్ ఇవార్సన్, ఆయన దారిలో నడిచినవారు దిమ్మను శాండింగ్ డిస్క్ మీద చేత్తో పట్టుకొని నరం ఎటు పోతే అటు రూపాన్ని మలిచారు. ఫ్రీహ్యాండ్ అన్న పేరు ఈ పద్ధతి నుంచే వచ్చింది. ప్లాటో పలకల బెరడు అంచును గరుకుగానే పైన వదిలేయడం, బ్లోఫిష్ లాంటి ఏ పక్కా సమానం కాని రూపాలు, ఇవన్నీ ఆ తర్వాతివి. ఇక్కడ కొలతల పట్టిక పనిచేయదు, ఎందుకంటే రూపాన్ని నిర్ణయించేది ఆ ఒక్క దిమ్మలోని నారల దారి.

పదార్థం నుంచి పేరు విడిపోయి మరో పదార్థంలోకి ఎలా వలస వెళ్తుందో పూర్తిగా చూపేది కలబాష్. దీని మూలం దక్షిణాఫ్రికాలో పెంచిన ఒక రకం సొరకాయ. తెలుగు ఊళ్లలో కల్లు ముంతలకు, తంబురాలకు వాడిన సొరబుర్ర జాతిదే. కాయ పెరుగుతుండగానే మెడను వంచి ఉంచి, ముదిరాక ఎండబెట్టి, వంపు తిరిగిన మెడను కోస్తారు. బుర్ర గోడ పల్చన, నిప్పును తట్టుకోలేదు కాబట్టి దాని మూతిలో మీర్షామ్ గిన్నెను అమరుస్తారు. గిన్నె అడుగుకు, బుర్ర అడుగుకు మధ్య మిగిలే ఖాళీలో పొగ విస్తరించి చల్లబడుతుంది, తేమ గోడలకు అంటుకుంటుంది. నిజమైన కలబాష్ గుణం ఆ ఖాళీలో ఉంది. తర్వాత బ్రయర్ పనివాళ్లు ఆ వంపు రూపాన్ని మాత్రం తీసుకొని, లోపల ఖాళీ లేకుండా చేసి అదే పేరు పెట్టారు. ఇప్పుడు కొందరు తయారీదారులు తిరగేసి ఆలోచించి, బయట ఏ ఆకారం ఉన్నా సరే, షాంకు లోపల పెద్ద గది తొలిచి దాన్ని రివర్స్ కలబాష్ అంటున్నారు. దీంతో ఒకే మాట మూడు విషయాలకు చెల్లుతోంది: సొరబుర్రకు, ఆ బుర్ర వంపును అనుకరించిన కర్రకు, బుర్ర లోపలి గాలి గదిని అనుకరించిన నిర్మాణానికి. కలబాష్ అన్న పేరు కేటలాగులో కనిపించినప్పుడు ముందు పదార్థం బుర్రా, బ్రయరా అని, ఆ తర్వాత లోపల గది ఉందా లేదా అని చూస్తే తప్ప అక్కడ అమ్ముతున్నది ఈ మూడింటిలో ఏదో తెలియదు.